సీసాలో లేని రంగు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లో ఆడవాళ్ల మేజోళ్లకు కరువొచ్చింది. పట్టూ నైలానూ పారాచూట్లకు పోయాయి. ఒట్టి కాళ్లతో ఆఫీసుకో నాట్యానికో వెళ్లడం ఆ కాలపు మర్యాద కాదు. అందుకని వాళ్లు వంటింట్లో దారి వెతుక్కున్నారు. మాంసం పులుసుకు నిండు రంగు రావడానికి కలిపే గ్రేవీ బ్రౌనింగ్‌ని తెచ్చి కాళ్లకు పూసుకున్నారు. అది దొరకనివాళ్లు టీ డికాక్షన్ పట్టించారు. అప్పటి మేజోళ్లకు వెనకవైపు నిలువునా ఒక కుట్టు ఉండేది. ఆ కుట్టు కనపడకపోతే దొరికిపోతారు కదా! స్నేహితురాలిని బతిమాలి, కనుబొమల పెన్సిల్‌తో మడమ నుంచి పైదాకా గీత గీయించుకునేవారు. చెయ్యి వణకని స్నేహితురాలికి ఎంత గిరాకీ ఉండేదో ఊహించుకోండి. వాన పడితే మాత్రం మేజోడు కారిపోయేది.

ఆ రంగు చర్మం మీద కూర్చున్న రంగు. ఈరోజు నేను చెప్పబోయేది చర్మంలోనే పుట్టే రంగు గురించి, దానితో ఒంటి మీద కొద్ది రోజులుండే బొమ్మలు వేసుకోవడం గురించి. అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో మందుల దుకాణానికి వెళితే సెల్ఫ్ ట్యానర్ అని ఒక అల్మారా నిండా సీసాలుంటాయి. ఎండలో పడుకోకుండానే ఎండకు కమిలిన గోధుమ రంగు తెచ్చే లోషన్లు, నురగలు, స్ప్రేలు అవి. మన ఊళ్లలో బ్యూటీ పార్లర్ల బోర్డుల మీద డీ-ట్యాన్ ఫేషియల్ అని ఉంటుంది. అక్కడ డబ్బిచ్చి తెచ్చుకునేదాన్ని ఇక్కడ డబ్బిచ్చి వదిలించుకుంటున్నామన్నమాట. ఆ సంగతి పక్కన పెట్టి, అసలు విషయానికి వస్తాను.

1950లలో అమెరికాలోని సిన్సినాటి విశ్వవిద్యాలయంలో ఈవా విట్‌గెన్‌స్టైన్ అనే పరిశోధకురాలు ఒక అరుదైన జబ్బు మీద పనిచేస్తుండేవారు. పిల్లల శరీరం గ్లైకోజన్‌ని నిలవ చేసుకుంటుంది కానీ అవసరమైనప్పుడు తిరిగి చక్కెరగా మార్చుకోలేదు. అదీ జబ్బు. ఆ పిల్లలకు డైహైడ్రాక్సీఅసిటోన్ అనే పదార్థాన్ని మోతాదు ఎక్కువగా తాగించి చూసేవారు. పలకడానికి కష్టమైన పేరు, డీహెచ్ఏ అందాం. పిల్లలన్నాక తాగిందంతా మింగుతారా? కొంత ఉమ్మేస్తారు, కొంత గడ్డం మీద కారుతుంది. అలా కారిన చోట కొన్ని గంటలకు గోధుమ రంగు మచ్చలు తేలాయి. అదే ద్రవం పడ్డ బట్టలకు మాత్రం ఏ మరకా లేదు. ఆవిడ ఆ ద్రావణాన్ని తన చర్మానికే పూసుకుని చూశారు. ఎన్నిసార్లు పూసినా అదే రంగు. 1960 నాటికి ఆ విషయం సైన్స్ పత్రికలో అచ్చయింది. అదే ఏడు కాపర్‌టోన్ కంపెనీ క్యూటీ అనే పేరుతో, అంటే క్విక్ ట్యాన్, సీసా బజారులో పెట్టింది. ఆ తొలి సరుకు నారింజ రంగుకు తిరిగి, అరచేతులు చూపించి యజమానిని పట్టిచ్చేదట.

బట్టకు అంటనిది ఒంటికెందుకు అంటింది? డీహెచ్ఏ నిజానికి రంగు కాదు, చక్కెర. మూడే మూడు కార్బన్లున్న చిన్న చక్కెర. గ్లిజరిన్‌ని ఒక రకం బ్యాక్టీరియాతో పులియబెట్టి తయారుచేస్తారు. చూడ్డానికి తెల్లటి పొడి, నాలుకకు తియ్యన. మన చర్మం పైపొర అంతా చచ్చిన కణాలే, వాటి నిండా కెరటిన్ అనే ప్రొటీన్. ఆ ప్రొటీన్‌లో ఉండే ఆర్జినిన్, లైసిన్ లాంటి అమైనో ఆమ్లాలతో ఈ చక్కెర కలిస్తే గోధుమ రంగు పుడుతుంది. 1912లో లూయీ కామీ మయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించిన చర్య ఇదే. పెనం మీద దోసె ఎర్రబడేదీ, కాఫీ గింజ వేగి రంగు తిరిగేదీ దీనివల్లనే. పెనం మీద వేడి ఉంది కాబట్టి నిమిషాల్లో అవుతుంది. ఒంటి మీద వేడి చాలదు కాబట్టి గంటలు పడుతుంది. నూలుబట్టలో ప్రొటీన్ లేదు, అందుకే దానికి అంటలేదు. పట్టు ప్రొటీనే, ఉన్ని ప్రొటీనే. కనుక పట్టుచీర కట్టుకుని మాత్రం ఈ పని పెట్టుకోకండి.

ఇక్కడే నాకు ఈ వ్యవహారం రుచించింది. సీసాలో రంగు లేదు. సీసాలో ఉన్నది సగం, మిగతా సగం మీ ఒళ్లు. ఒకే సీసా ఇద్దరికి పూస్తే రెండు రంగులొస్తాయి. ఒకే మనిషికి మోచేతి మీద ఒక రంగు, ముంజేతి మీద ఒక రంగు. బొమ్మ వేసే మనిషికి వచ్చే కష్టాలన్నీ ఇందులోంచే వస్తాయి. కిటుకులూ ఇందులోనే ఉన్నాయి.

మొదటి కష్టం, వేస్తున్నది కనపడదు. పూసిన రెండు మూడు గంటలకు గానీ రంగు తొంగిచూడదు, పూర్తిగా తేలేసరికి ఇరవైనాలుగు గంటలవుతుంది. అంటే గుడ్డివాటంగా గీయాలి. శ్రీకాళహస్తి కలంకారీ పనివారికి ఇది కొత్త కాదు. పటిక నీళ్లతో గుడ్డ మీద గీసినప్పుడు ఎరుపు ఎక్కడా ఉండదు. ఆ తర్వాత రంగునీళ్లలో ఉడికిస్తే పటిక తాకిన చోటల్లా ఎరుపు లేస్తుంది. సెల్ఫ్ ట్యానర్ కంపెనీలు ఈ ఇబ్బంది తెలిసి, సీసాలో కాస్త తాత్కాలికమైన గోధుమ రంగు కలుపుతాయి, ఎక్కడ పూశామో కనపడటానికి. మొదటి స్నానంతో అది పోతుంది, అసలు రంగు కింద మిగులుతుంది. బొమ్మలు వేయాలనుకునేవారు ఈ సంకేతపు రంగున్న నురగే కొనుక్కోవడం మేలు. రంగులేని లోషన్‌తో మొదలుపెడితే ఎక్కడ వదిలారో, ఎక్కడ రెండుసార్లు రాశారో మర్నాడు పొద్దున్న తెలుస్తుంది. అప్పటికి చేసేదేమీ ఉండదు.

ఒంటి మీద ట్యాన్‌తో బొమ్మలు వేసుకునే సరదా మొదట ట్యానింగ్ సెలూన్లలో పెరిగింది. అతినీలలోహిత కాంతి గొట్టాల మధ్య పడుకునేముందు నడుం దగ్గర ఒక హృదయం బొమ్మ స్టిక్కరో, చెర్రీ పళ్ల స్టిక్కరో అంటించుకునేవారు. చుట్టూ ఒళ్లు నల్లబడితే స్టిక్కరు తీశాక తెల్లటి బొమ్మ మిగిలేది. 2009లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఆ యంత్రాలను క్యాన్సర్ కలిగించేవాటి మొదటి జాబితాలో చేర్చింది. బ్రెజిల్ ఆ ఏడే నిషేధించింది. ఆస్ట్రేలియాలో చాలా రాష్ట్రాలు 2015 నుంచి ఆ సెలూన్లను మూయించాయి. అక్కడ యంత్రం పోయింది గానీ స్టిక్కరు పోలేదు. ఇప్పుడు అదే స్టిక్కరు అంటించి చుట్టూ నురగ పూస్తున్నారు.

ఆ మాటకొస్తే స్టిక్కరు లేకుండానే మనందరికీ ఆ బొమ్మ ఉంది. ఎండాకాలం హవాయి చెప్పులతో తిరిగిన ఏ తెలుగువాడి పాదమైనా చూడండి, పట్టీల ఆకారం తెల్లగా కనిపిస్తుంది. వాచీ తీస్తే మణికట్టు మీద ఇంకో వాచీ ఉంటుంది.

ఇక పని ఎలా చేయాలి? ముందురోజే ఆ చోట మెత్తటి నలుగుతోనో, గరుకు బట్టతోనో రుద్ది పాత మృతకణాలు వదిలించాలి. జుట్టు తీయాలంటే అదీ ముందురోజే. తీసిన వెంటనే పూస్తే రోమకూపాల్లోకి దిగి గసగసాలు చల్లినట్టు చుక్కలు తేలతాయి. సబ్బు మిగలకూడదు. నూనె, సెంటు, లోషన్ ఏదీ ఉండకూడదు. ఒళ్లు పూర్తిగా ఆరాలి. అప్పుడు స్టెన్సిల్ అంటించి, స్పాంజి మీద నురగ తీసుకుని, ముందు ఓ కాగితం మీద అద్ది తడి తగ్గించి, ఆ తర్వాత చర్మం మీద నిలువుగా అద్దాలి. రుద్దకూడదు. రుద్దితే స్టెన్సిల్ కిందికి పాకుతుంది. చేతికి తొడుగు వేసుకోవడం మరిచిపోయినవాళ్లను మర్నాడు వాళ్ల అరచేతులే పట్టిస్తాయి. ఆరేదాకా, ఆ తర్వాత మరో ఆరేడు గంటలు నీళ్లు తగలకూడదు, చెమట పట్టకూడదు. మన ఉక్కపోత ఊళ్లలో ఈ చివరి షరతు ఎంత కష్టమో విజయవాడ వాళ్లకు విడిగా చెప్పక్కర్లేదు. ఫ్యాను కింద, రాత్రిపూట చేసుకోవడం మంచిది. రాత్రంతా ఒక రకమైన తీపి కలిసిన మాడు వాసన వస్తుంది. బ్రిటన్‌లో దాన్ని బిస్కెట్ వాసన అంటారు. బిస్కెట్‌కీ ఈ రంగుకీ చర్య ఒకటే కాబట్టి ఆ మాట ఒప్పుకోవచ్చు.

ఛాయలు తెప్పించడం ఇందులో చాలా ఇష్టంగా చేసే పని. చేతిలో ఒక్కటే సీసా ఉంది, మరి లేత రంగు, ముదురు రంగు ఎలా? ఒక దారి పొరలు. మొదట పువ్వంతా ఒకసారి అద్దుతారు, కొన్ని గంటలాగి రేకుల మొదళ్ల దగ్గర మాత్రం ఇంకోసారి, ఆ తర్వాత పుప్పొడి దగ్గర మూడోసారి. రెండో దారి గడియారం. గంటలో కడిగేస్తే లేత రంగు, మూడు గంటలుంచితే ముదురు రంగు అని చెప్పి అమ్మే నురగలున్నాయి. వాటితో బొమ్మలో ఒక భాగాన్ని ముందు తుడిచేసి, మిగతాది ఉంచేస్తే రెండు ఛాయలొస్తాయి. మూడో దారి పలచన చేయడం. మామూలు మాయిశ్చరైజర్‌తో కలిపి అంచుకు వచ్చేసరికి తగ్గించుకుంటూ పోతే రంగు మెల్లగా చర్మంలో కలిసిపోతుంది. వాజలీన్ రాసిన చోట అసలు పట్టదు, కాబట్టి దానితో తెల్ల గీతలు వదలొచ్చు. గీత మరీ సన్నగా ఉంటే మాత్రం వాజలీన్ కరిగి పక్కకు జరుగుతుంది.

నా అభిప్రాయం చెబుతాను. సన్నగీతల పని దీనికి నప్పదు. నెమలి ఈకలో పోగులు, అక్షరాలు, జాలీ పని వేద్దామని కూర్చున్నవాళ్లకు నిరాశే. ద్రవం ఒక వెంట్రుకవాసి పాకకుండా ఉండదు, అంచు ఎప్పుడూ కొంచెం మసకే. పైగా ఆ రంగు ఎంత ముదిరినా చర్మానికి దగ్గరి రంగే. అందుకని దీనితో నీడలు వేయాలి. ఫెర్న్ ఆకునో, వేపరెమ్మనో చేతిమీద పరిచి చుట్టూ స్ప్రే కొడితే, ఆకు తీశాక దాని నీడ తిరగబడి ఒంటి మీద ఉండిపోయినట్టుంటుంది. కిటికీ ఊచల నీడ, బుట్ట అల్లిక నీడ ఇంకా బాగుంటాయి. దూరం నుంచి చూసినవాళ్లు మీ మీద ఏదో నీడ పడుతోందనుకుని పక్కకు తప్పుకుంటారు. ఇంత సహజంగా ఉండటం టాటూ ఇంకుకు చేతకాదు.

ఈ నీడల విద్యను బాగా వంటబట్టించుకున్నవాళ్లు బాడీ బిల్డర్లు. వేదిక మీద దీపాల వెలుగు కండల మధ్య పల్లాలను మింగేస్తుంది. అందుకే పోటీకి ముందు ముదురు ట్యాన్ పొరలు పొరలుగా కొట్టించుకుంటారు. బాల్‌రూమ్ నాట్యపోటీల్లోనూ ఇదే. ఇంకా కొన్ని సెలూన్లలో పొట్ట మీద లేని కండలకు నీడలు దిద్ది ఆరు పలకలు తెప్పించి పంపుతారు. వ్యాయామం లేకుండా వారం రోజుల కండలు! యుద్ధకాలం నాటి మేజోటి కుట్టుకు ఇది తీసిపోదు.

ఇదంతా వింటున్న ఆడపడుచులకు గోరింటాకు గుర్తొచ్చే ఉంటుంది. రెండూ చేసే పని దగ్గరదగ్గరగా ఒకటే. గోరింటాకులో లాసోన్ అనే పదార్థం ఉంది, అది కూడా చచ్చిన పొరలోని కెరటిన్‌నే పట్టుకుంటుంది. అదీ వెంటనే కనపడదు. కడగ్గానే నారింజ రంగులో ఉండి, మర్నాటికి, ఆ మర్నాటికి ముదురుతుంది. తేడా అల్లా ఎక్కడ పండుతుందన్నదే. మోచేతి కింద మృతపొర మందం వెంట్రుక మందంలో కొంతే ఉంటుంది. అరచేతిలో, అరికాలిలో దానికి ఎన్నో రెట్లు. గోరింటాకు ఆ మందాన్ని వాడుకుంటుంది. ఆషాఢంలో అరచేతి మధ్య చందమామ, చుట్టూ చుక్కలు, వేళ్ల కొసలకు టోపీలు పెట్టే మన పాత పద్ధతి, రంగు బాగా పండే చోటును ఎంచుకున్న పద్ధతి. డీహెచ్ఏ అదే అరచేతిలో వేస్తే బురద మరకలా ఉంటుంది. దానికి ముంజేయి, భుజం, పిక్క, వీపు కావాలి. అంటే గోరింటాకు ఆగిన చోట ఇది మొదలవుతుంది. 1960లలో అమెరికాలో చర్మవైద్యులు ఈ రెండింటినీ కలిపి కూడా చూశారు. వెలుతురు పడితేనే ఒళ్లు కాలిపోయే జబ్బున్న రోగులకు లాసోన్, డీహెచ్ఏ పూసి, ఆ రెండు రంగుల అడ్డుతో కొంత రక్షణ ఇవ్వగలిగారు. మన గోరింటాకు అమెరికా ఆసుపత్రికి అలా చేరిందన్న సంగతి నాకు చాలా నచ్చింది.

ఒక హెచ్చరిక మధ్యలోనే చెప్పేస్తాను, చివరికి వాయిదా వేస్తే మరిచిపోతారు. జాతరల్లో, సముద్రతీరాల్లో నల్ల గోరింటాకు అని గంటలోనే కారునలుపు తెప్పించేవాళ్లుంటారు. గోరింటాకు నల్లగా పండదు. అందులో చాలాసార్లు కలిపేది జుట్టుకు వేసే రంగులోని పీపీడీ. ఒంటికి నేరుగా రాస్తే కొందరికి బొబ్బలెక్కి బొమ్మ ఆకారంలోనే మచ్చ పడుతుంది, ఆ తర్వాత జన్మంతా జుట్టురంగు పడదు. పిల్లల చేతులు వాళ్లకు అందనివ్వకండి. నల్లబొమ్మే కావాలంటే దక్షిణ అమెరికా అడవుల్లో జెనిపా అనే చెట్టుకాయ రసం ఉంది. జాగ్వా అంటారు. అక్కడి ఆదివాసులు ఎప్పటినుంచో ఒంటికి వేసుకుంటున్నారు. నీలి నలుపు, వారం పైగా ఉంటుంది. దానికీ కొందరిలో ఎలర్జీ వచ్చిన దాఖలాలున్నాయి, అందుకని ముందు ఒక చుక్క వేసి చూసుకోవాలి.

మన రంగు ఒంటి మీద సెల్ఫ్ ట్యానర్ బొమ్మ తేలుతుందా అంటే, నిజం చెప్పాలి, చామనఛాయ దాటితే తేలడం కష్టం. అయిదు శాతం లోపు డీహెచ్ఏ ఉన్న లైట్ సీసాలు మనకు దండగ. పది శాతం దగ్గరలో ఉన్న డార్క్ సీసాలతో, ముంజేతి లోపలివైపు, ఎండ పెద్దగా తగలని చోట కొంచెం కనిపిస్తుంది. గాఢత పెంచుకుంటూ పోవడం తెలివి కాదు. రంగు సరిగా పెరగదు, మసిబారినట్టవుతుంది. మెల్‌బోర్న్‌లోనో డల్లాస్‌లోనో చదువుకుంటున్న మన పిల్లలు సహవిద్యార్థుల చేతుల మీద చూసి మురిసి సీసా కొనేముందు ఈ మాట చెవిన వేసుకోవడం మంచిది. ముంజేతి లోపల రూపాయి బిళ్లంత చోట రాసి ఒక రోజు ఆగితే ఎలర్జీ ఉందో లేదో తెలుస్తుంది, రంగు వస్తుందో రాదో కూడా తెలుస్తుంది.

అమెరికా ఆహార, ఔషధ సంస్థ 1973 నాటికి డీహెచ్ఏని ఒంటిపైన పూసుకోవడానికి శాశ్వతంగా ఒప్పుకుంది. అయితే ఆ ఒప్పుదల కళ్లు, పెదవులు, ముక్కు లోపలి పొరలకు వర్తించదు. స్ప్రే గదిలో పొగమంచులా కొట్టించుకునేటప్పుడు అది ఊపిరితో లోపలికి పోతుంది కాబట్టి కళ్లకు అద్దాలు, ముక్కుకు అడ్డు, పెదవులకు క్రీము పెట్టుకోమంటుంది. యూరోపియన్ యూనియన్ 2021లో సెల్ఫ్ ట్యానర్లలో డీహెచ్ఏ పది శాతం మించకూడదని కట్టడి పెట్టింది. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఒళ్లు నల్లబడింది కదా, ఇక ఎండ ఏం చేయదనుకుంటారు. ఎండకు నల్లబడ్డప్పుడు పెరిగేది మెలనిన్. ఇక్కడ పుట్టింది మెలనాయిడిన్, దాని పేరులో పోలిక ఉంది గానీ రక్షణ నామమాత్రమే. పైగా పూసిన కొత్తలో, మొదటి రోజు, ఎండ తగిలితే చర్మంలో మామూలుకంటే ఎక్కువగా ఫ్రీ రాడికల్స్ పుడతాయని జర్మనీ పరిశోధకులు చూపించారు. కనుక ఆ రోజు నీడపట్టున ఉండండి.

బొమ్మ ఎన్నాళ్లుంటుంది? అయిదు నుంచి ఏడు రోజులు, ఒంటిని బట్టి ఇంకో రెండు రోజులు. చర్మం పైకణాలు రోజూ రాలుతూనే ఉంటాయి, వాటితోపాటే రంగూ. రాలేటప్పుడు అంతా ఒక్కలా రాలదు. బట్ట ఒరుసుకునే చోట ముందు పోతుంది, మడతల్లో నిలుస్తుంది. ఏడో రోజుకు పువ్వు కాస్తా బల్లి చర్మంలా తయారవుతుంది. తేమ ఉంచే లోషన్ రోజూ రాస్తే కొంచెం నీటుగా వెలుస్తుంది. తొందరగా వదిలించాలంటే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి మెత్తగా రుద్దాలి. నిమ్మరసం, వంటసోడా కలిపి తోమమని చెప్పేవాళ్లున్నారు. మంట పుట్టించుకోవడమే తప్ప పెద్ద ఫలితం లేదు. పెళ్లికో ఫొటోలకో వేసుకునేవారు రెండు రోజుల ముందు వేసుకోవాలి, వారం ముందు కాదు.

ఈ రాలిపోవడాన్నే డాక్టర్లు పరికరంగా వాడుకున్నారు. చర్మం పైపొర ఎన్నాళ్లకు మారుతుందో కొలవడానికి 1990లలో చిన్న చోట డీహెచ్ఏ పూసి, ఆ మరక పూర్తిగా మాయమయ్యేదాకా రోజులు లెక్కపెట్టారు. అంతకుముందు ఆ పరీక్షకు వాడే రసాయనంతో కొందరికి దురద, మంట వచ్చేవి.

అన్నిటికంటే మనకు పనికొచ్చే వాడకం బొల్లి మచ్చల మీద. మెలనిన్ కణాలు పోయినా ఆ తెల్లటి చోట మృతపొర అలాగే ఉంటుంది, అమైనో ఆమ్లాలూ ఉంటాయి. కాబట్టి డీహెచ్ఏ అక్కడా రంగు పుట్టిస్తుంది. జబ్బును నయం చేయదు, వారం రోజులు కప్పుతుంది, అంతే. మేకప్‌లా చెమటకు కారదు, చొక్కా కాలరుకు అంటదు. చర్మవైద్యులు దీన్ని రోగులకు సూచించి ఫలితాలు రాశారు. ముఖం, మెడ, ముంజేతుల మీద బాగా కుదురుతుంది. వేళ్ల కొసల మీద, పెదవుల మీద కుదరదు. మన ఛాయకు సరిపోల్చడం ఓపిక కోరే పని. ఒకే మచ్చ మీద రెండు మూడు పొరలు వేసి, మర్నాడు పగటి వెలుగులో చూసి, చాలకపోతే ఇంకో పొర వేయాలి. చుట్టూ ఉన్న మామూలు చర్మానికి తగిలితే అదీ నల్లబడి మచ్చకు నల్లటి అంచు కట్టినట్టవుతుంది. అందుకని ఇయర్‌బడ్‌తో అద్దుతూ అంచుకు కొంచెం లోపలే ఆపమంటారు. సన్నగీతలు వేసేవాళ్లను అంత విసిగించే ఆ వెంట్రుకవాసి పాకుడు ఇక్కడ పనికొస్తుంది, ఆపిన చోటు నుంచి రంగు తనంతట తాను అంచు దాకా జరిగి కలిసిపోతుంది. మచ్చలకు మందు వాడుతున్నవారు, లైటు చికిత్స తీసుకుంటున్నవారు పూసుకునేముందు తమ డాక్టరుకు చెప్పాలి. పైన రంగు పొర ఉంటే లైటు మోతాదు లెక్క మారుతుంది.